మీ నాన్నగారి జబ్బు మీ నాన్నగారిదే

చిరంజీవి అమ్మాయికి, మాస్టారి ఆశీస్సులు.

మీ నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారనీ, బయాప్సీ రిపోర్టు వచ్చిందనీ, కేన్సరేనని తేలిందనీ రాశావు. ఆయనకు మాత్రం ‘కడుపులో పుండు, మందులతో మానిపోతుంది’ అని చెప్పి ఉంచారట. అమెరికాలో ఉన్న మీ అన్నయ్యా, ఊళ్ళో ఉన్న మేనత్తలూ అదే మంచిదంటున్నారనీ, నీకే మనసొప్పడం లేదనీ, ఏం చేయమంటారనీ అడిగావు. నీ మనసు సరిగానే చెబుతోందమ్మా. ఆయనకు చెప్పాలి. ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఒక్కసారే చెప్పాలా కొంచెం కొంచెంగానా అన్నవి మీరంతా కూర్చుని ఆలోచించుకోవలసినవే. చెప్పడమా మానడమా అన్నది మాత్రం మీ చేతిలో ఉన్న విషయం కాదు. ఎందుకంటున్నానో వివరంగా రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే, ఆయన నిద్రపోయాక తీరిగ్గా చదువుకో.

వార్డులో రోజూ జరిగేది నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పొద్దున్నే పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వస్తారు. వెనకాల డ్యూటీ డాక్టర్లు, కేస్‌షీటు పట్టుకుని సిస్టరు. ‘ఎలా ఉంది పెద్దాయనా, ఇడ్లీ తిన్నారా’ అని మంచం దగ్గర పలకరిస్తారు. ఆ తర్వాత ‘పేషెంటు తాలూకు ఎవరండీ’ అని అడిగి, మనల్ని కారిడార్‌లోకి తీసుకెళ్ళి అసలు సంగతి అక్కడ చెబుతారు. మంచం మీద మనిషి సెలైన్ ఎక్కుతున్న చెయ్యి కదపకుండా, మెడ మాత్రం తిప్పి తలుపు వైపే చూస్తూ ఉంటాడు. మనం లోపలికి రాగానే మన ముఖాలు వెతుకుతాడు. ‘ఏమన్నారమ్మా?’ ‘ఏం లేదు నాన్నా, తగ్గిపోతుందన్నారు.’ ఇంతే. ఇలా రోజులు గడుస్తాయి. కానీ ఆయనకు తెలియకుండా ఉంటుందా? వార్డు బోర్డు చదవగలరు. పక్క మంచం వాళ్ళు ‘మీకిది ఎన్నో కీమో’ అని అడుగుతారు. చూడ్డానికొచ్చిన చుట్టాలు పళ్ళు పెట్టి, పలకరించి, బయటికెళ్ళి కళ్ళు తుడుచుకుంటారు. జుట్టు రాలడం మొదలవుతుంది. డెబ్బై ఏళ్ళు లోకం చూసిన మనిషికి ఇవన్నీ కలిపి చదువుకోవడం ఎంతసేపు? దాచినందువల్ల ఆయనకు తెలియకుండా పోదు. ‘నాకు తెలిసింది, భయంగా ఉంది’ అని మీతో చెప్పుకునే దారి మూసుకుపోతుంది. మీరు ఆయన కోసం నటిస్తూ ఉంటారు, ఆయన మీ కోసం నటిస్తూ ఉంటారు. ఒకే గదిలో ఇద్దరు మనుషులు ఒకే దుఃఖాన్ని విడివిడిగా మోయడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

సరే, బాధ సంగతి పక్కన పెడదాం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఒకదాని వెంట ఒకటి నిర్ణయాలు తీసుకోవలసి వస్తుంది. ఆపరేషన్ ముందా, కీమో ముందా? ఇక్కడే చేయించాలా, హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎమ్మెన్‌జే లాంటి ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రికి వెళ్ళాలా? తిండి దిగకపోతే ముక్కులోంచి గొట్టం వేయించాలా? ఊపిరి అందకపోతే వెంటిలేటర్ పెట్టించాలా? వీటిలో ప్రతిదానికీ ఎంతో కొంత లాభమూ ఉంది, ఎంతో కొంత బాధా ఉంది. ఎంత లాభం కోసం ఎంత బాధ పడవచ్చో డాక్టరు చెప్పగలిగేది కాదు, స్కానింగులో కనపడేది కాదు. పడేవాళ్ళే చెప్పాలి. ‘మా నాన్న మనసు నాకు తెలియదా’ అని మీ అన్నయ్య అనవచ్చు. ప్రేమతోనే అంటాడు. కానీ ఈ ధీమా ఎంత నిలుస్తుందో పరిశీలించినవాళ్ళున్నారు. అంతకుముందు జరిగిన 16 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2006లో అచ్చయింది. రోగి ఏ చికిత్స కావాలంటాడో, ఏది వద్దంటాడో అతని దగ్గరివాళ్ళను ఊహించి చెప్పమంటే, వాళ్ళు సరిగ్గా చెప్పింది నూటికి 68 సార్లు. అంటే దాదాపు మూడింట ఒకసారి తప్పారు. ఇది విదేశాల్లో తేలిన లెక్కే. అయితే తండ్రీ బిడ్డలు చావు గురించీ, మంచాన పడటం గురించీ నోరు విప్పి మాట్లాడుకోవడం మన ఇళ్ళలో మరీ అరుదు కదా. మన ఊహ వాళ్ళకంటే మెరుగ్గా ఉంటుందనుకోవడానికి నాకు ఆధారమేమీ కనపడదు.

చట్టం కూడా ఈ మాటే అంటుంది. ఢిల్లీలో 44 ఏళ్ళ ఒక స్త్రీకి పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగానే, బయట కూర్చున్న తల్లి ఒప్పుకోలు తీసుకుని గర్భసంచి తీసేశారు. ఆ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, తన సంగతి తాను నిర్ణయించుకోగల వయసూ తెలివీ ఉన్న మనిషి తరఫున కన్నతల్లి ఒప్పుకున్నా చెల్లదని తేల్చింది. తల్లి సంతకానికే విలువ లేనప్పుడు కొడుకు అమెరికా నుంచి ఫోన్‌లో ఇచ్చే అనుమతికి ఏం విలువ ఉంటుంది? మీ నాన్నగారి చేత కన్సెంట్ ఫారం మీద ‘ఊరికే ఒక సంతకం’ అంటూ పెట్టించుకుంటే కాగితం నిండుతుంది గానీ, ఆయన ఒప్పుకున్నట్టు కాదు. దేనికి ఒప్పుకుంటున్నారో ఆయనకు తెలియాలి.

ఇక్కడ మీ మేనత్తల మాటకు జవాబు చెప్పాలి. ‘తెలిస్తే బెంగతోనే పోతాడమ్మా’ అంటారు. ఇందులో ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. వార్త విన్న మొదటి రోజులు ఘోరంగానే ఉంటాయి. ఆయన ఏడవవచ్చు, తిండి మానవచ్చు, గోడ వైపు తిరిగి పడుకోవచ్చు. అయితే ఆ బెంగ ఎన్నాళ్ళు ఉంటుంది, జబ్బు సంగతి తెలియనివాళ్ళకు బెంగ లేకుండా ఉంటుందా అన్నవి చూడాలి. ముదిరిన కేన్సర్‌తో ఉన్న 332 మంది మీద అమెరికాలో జరిగిన ఒక పరిశీలన 2008లో వచ్చింది. చివరి రోజుల గురించి డాక్టరుతో నేరుగా మాట్లాడినవాళ్ళలో, మాట్లాడనివాళ్ళకంటే కుంగుబాటు గానీ దిగులు గానీ ఎక్కువగా కనపడలేదు. పైగా వాళ్ళు చివరి వారంలో ఐసీయూలోనూ వెంటిలేటర్ మీదా గడపడం తక్కువైంది. భయం వాస్తవమే. కానీ దానికి మూలం జబ్బు. మాట్లాడటం వల్ల పుట్టేది కాదది.

‘ఇదంతా తెల్లవాళ్ళ పద్ధతి, మన ఇళ్ళలో నడవదు’ అన్నది ఇంకో అభ్యంతరం. తెల్లవాళ్ళకు కూడా ఇది పుట్టుకతో వచ్చిన పద్ధతేమీ కాదమ్మా. 1961లో అమెరికా డాక్టర్లను అడిగితే నూటికి 90 మంది దాకా కేన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. అప్పుడు వాళ్ళు చెప్పిన కారణాలు అచ్చం మీ మేనత్తలు చెబుతున్నవే. అదే ప్రశ్న 1979లో అడిగితే 97 శాతం మంది చెప్పడమే మంచిదన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఇంత మార్పు వచ్చింది. మన దగ్గర 2002 నాటి వైద్య నైతిక నియమావళి డాక్టరుకు ఒక వెసులుబాటు ఇచ్చింది. జబ్బు తీవ్రతను పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు గానీ, రోగికో, బంధువులకో, బాధ్యతగల స్నేహితులకో తెలిసేలా చూడమంటుంది. ఆ ‘బంధువులకో’ అన్న సందు పట్టుకునే కారిడార్ సంభాషణలన్నీ నడుస్తున్నాయి. కుటుంబమంతా కలిసి కష్టం మోయడం మన పద్ధతే, గొప్ప పద్ధతే. ఆ కుటుంబంలో జబ్బుపడిన మనిషికి చోటు లేకపోవడం మాత్రం ఏ పద్ధతీ కాదు. నిన్నమొన్నటిదాకా ఇంటి పెళ్ళిళ్ళూ పొలం పత్రాలూ ఆయన చేతుల మీదుగా నడిచాయి. ఆసుపత్రి గౌను తొడిగిన రోజు నుంచి ఆయన పసిపిల్లాడైపోతారా?

తెలుసుకోవాలని లేనివాళ్ళూ ఉంటారు, వాళ్ళ సంగతి వేరు. ‘నాకేం చెప్పొద్దు, మీరే చూసుకోండి’ అని ఆయన నోటితో ఆయన అంటే, అదీ ఆయన నిర్ణయమే, దాన్ని మన్నించాలి. అయితే ఆ మాట ఆయన అనాలి, ఆయన తరఫున మీరు అనుకోకూడదు. అడిగి చూడటం ఒక్కటే దారి.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం డబ్బుది. దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు గానీ, మధ్యతరగతి ఇళ్ళలో నిజం దాచడానికి సగం కారణం ఇదే. జబ్బు పేరు తెలిస్తే ‘నా కోసం పొలం అమ్మొద్దు, నన్ను ఇంటికి తీసుకెళ్ళండి’ అంటారని పిల్లల భయం. అనే మనుషులే వాళ్ళు. జీవితమంతా ఒక్కో ఎకరం కూడబెట్టినవాళ్ళు. కానీ ఆలోచించు, ఏమీ తెలియని మనిషి కూడా ఖర్చు గురించి ఊరుకోడు. అడ్వాన్సు కట్టడానికి మీరు పరుగెత్తడం చూస్తాడు, ఫార్మసీ బిల్లులు చూస్తాడు, ఎంత అవుతుందో తెలియక ఇల్లంతా పోతుందేమోనని ఊహిస్తాడు. హద్దు తెలియని ఖర్చుకు భయపడి వద్దనేవాళ్ళే ఎక్కువ. కాబట్టి జబ్బుతో పాటు లెక్క కూడా ఆయన ముందు పెట్టాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో 25 లక్షలకు పెంచారు, ఇప్పుడు అక్కడ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. 70 ఏళ్ళు నిండినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్‌లో 2024 అక్టోబరు నుంచి చోటిచ్చారు. ఆసుపత్రిలో హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్రను కలిసి, మీకు ఏది వర్తిస్తుందో, ఏ చికిత్స దాని కింద వస్తుందో, చేతి నుంచి ఎంత పెట్టాలో ఒక కాగితం మీద రాయించుకో. ఆ కాగితం నాన్నగారికి చూపించు. అన్నీ తెలిసి, లెక్క చూసి, నయమయ్యే అవకాశం ఎంతో డాక్టరు నోట విని, అప్పుడు కూడా ‘పొలం అమ్మొద్దు’ అంటే ఆ మాటకు బరువు ఉంది. కాదని మీరు వాదించవచ్చు, బతిమాలవచ్చు, బతిమాలాలి కూడా. మోసం మాత్రం చేయకూడదు. ఆ పొలం ఎవరి చెమటతో వచ్చిందో, ఆ మనిషికి దాని గురించి ఆఖరి మాట చెప్పే హక్కు లేదా?

ఇంకో సంగతి, తొందరపడవలసిన సంగతి. ఈ మాటలు మాట్లాడుకోవడానికి దొరికే సమయం తక్కువ. వయసు మళ్ళినవాళ్ళు ఆసుపత్రిలో, ముఖ్యంగా ఐసీయూలో, ఉన్నట్టుండి తికమకపడతారు. పగలో రాత్రో తెలియదు, మనుషులను గుర్తుపట్టరు, సెలైన్ గొట్టాలు పీకేసుకుంటారు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. ఆ స్థితి వచ్చాక ఆయన్ని అడగడానికి ఏమీ ఉండదు, అప్పుడు మళ్ళీ మీ ఊహే గతి. అందుకే ఆయన తెలివిగా ఉన్నప్పుడే మాట్లాడాలి, ఆ తెలివిని కాపాడటం కూడా నీ పనే. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వైద్యులు 70 ఏళ్ళు పైబడిన 852 మంది రోగులతో చేసిన పరిశీలన 1999లో వచ్చింది. వాళ్ళు కొత్త మందులేమీ ఇవ్వలేదు. రోగికి కళ్ళజోడు పెట్టారు, చెవి మిషన్ అందించారు, నీళ్ళు తాగించారు, లేపి నడిపించారు, రాత్రి నిద్ర చెడకుండా చూశారు, ఈ రోజు ఏ వారమో ఎక్కడున్నారో పదేపదే చెప్పారు. మామూలుగా చూసుకున్నవాళ్ళలో నూటికి 15 మందికి డెలీరియం వస్తే, వీళ్ళలో అది 9.9కి తగ్గింది. చేర్చేటప్పుడు పోతాయని ఇంటికి పంపేసే కళ్ళజోడూ చెవి మిషనూ వెనక్కి తెప్పించు. వాటిని దిండు పక్కనే ఒక డబ్బాలో, పేరు రాసి పెట్టు. కట్టుడు పళ్ళుంటే వాటినీ అంతే. ముఖ్యమైన మాట చెప్పే ముందు చెవి మిషన్‌లో బ్యాటరీ ఉందో లేదో చూడు. సగం వినపడిన మాటతో మనిషి సగం భయపడడు, రెట్టింపు భయపడతాడు.

మనిషి తనకు స్పృహ లేనప్పుడు ఏం చేయాలో ముందే రాసి ఉంచే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరించుకుంటే చాలు. మొదటి రోజే ఆ కాగితం తీయమనను. వెంటిలేటర్ గురించి ఆయన అభిప్రాయం ఏమిటో మాత్రం ఒకసారి అడిగి, మీ అన్నయ్య కూడా వినేలా చూడు.

చెప్పడం నువ్వొక్కదానివే చేయాలని అనుకోకు. ముందుగా అన్నయ్యతో మాట్లాడు. వాడు ఒప్పుకోవడానికి రెండు రోజులు పడితే పట్టనీ, వారాలు పట్టనివ్వకు. తర్వాత నాన్నగారి దగ్గర కూర్చుని ‘ఏమైందని అనుకుంటున్నారు నాన్నా?’ అని అడుగు. ఆయనకు ఎంత తెలుసో, ఎంత వరకు వినాలనుకుంటున్నారో ఆ జవాబులోనే తెలుస్తుంది, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. ఒకే పూటలో అంతా చెప్పనక్కర్లేదు, చెప్పినది మాత్రం అబద్ధం కాకూడదు. ఒక నోట్‌బుక్ కొని ఆయన అడిగే ప్రశ్నలు ఆయన మాటల్లోనే రాసిపెట్టు. రౌండ్స్ టైములో డాక్టరుగారికి నిమిషాలే ఉంటాయి, అప్పటికప్పుడు ఏదీ గుర్తుకు రాదు. ఆ ప్రశ్నలు నువ్వు చదువు, జవాబులు ఆయన చెవిన పడనీ. డాక్టరుగారు ఇంగ్లిషులో చెబితే తెలుగులో చెప్పమని అడగడానికి మొహమాటపడకు.

రేపు పొద్దున రౌండ్స్‌కి వచ్చి డాక్టరుగారు నిన్ను కారిడార్‌లోకి పిలుస్తారు. వెళ్ళకు. ‘నాన్నగారి ముందే చెప్పండి డాక్టరుగారూ, ఆయన వినాలి’ అని మంచం పక్కనే నిలబడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు