గుడి ఎప్పుడు పోతుంది?

బెజవాడ మల్లేశ్వరస్వామి గుడి దగ్గరున్న, చాళుక్య రాజు యుద్ధమల్లుడి శాసనాన్ని తెలుగు చదువుకున్నవాళ్లు ఒక్క కారణానికే గుర్తుపెట్టుకుంటారు. నన్నయకు ముందే తెలుగులో మధ్యాక్కరలనే పద్యాలున్నాయని అది రుజువు చేస్తుంది. చూపంతా ఛందస్సు మీదే నిలవడంతో ఆ పద్యాల్లో ఉన్న ఊరు మన కంట పడకుండా పోయింది. అది 10వ శతాబ్దపు బెజవాడ, వేంగి సింహాసనం కోసం చాళుక్య దాయాదులు కొట్టుకుంటున్న కాలం. ఊళ్లో కుమారస్వామికి ఒక గుడి, దానికో మఠం, చేబ్రోలుతో ముడిపడిన జాతర. ఆ మఠంలో గొరగలనే శైవ సన్యాసులు తప్ప వేరేవాళ్లు గుంపులుగా వచ్చి దిగితే కాశీని పాడుచేసినంత పాపమని రాజు రాయించాడు. అంత పెద్ద శాపం పెట్టాడంటే ఆ తప్పు అప్పటికే జరుగుతూ ఉండాలి. ఎవరూ చేయని పనిని వద్దని రాతి మీద చెక్కించరు కదా! ఆ గుడి ఇదిగో అని చూపించడానికి ఇవాళ ఏమీ లేదు. మఠమూ లేదు, గొరగలూ లేరు. మిగిలింది ఆ కట్టడి ఒక్కటే.

గుడి పోయిందని ఎప్పుడనాలి? గోడలు కూలినప్పుడా, ఇంకా ముందా? యుద్ధమల్లుడి బెంగ గోడల గురించి కాదు, లోపల ఎవరు బస చేస్తారన్న దాని గురించి. అతని బెంగే సరైనదని నా వాదన. పవిత్రత రాతిలోనో నేలలోనో నిలవ ఉండే సరుకు కాదు, రోజూ ఎవరో ఒకరు పూనుకుని చేసే పని. అది ఆగిన రోజే గుడి పోతుంది. రాళ్లు పోయేది ఆ తర్వాతెప్పుడో.

దీనికి గట్టి సాక్ష్యం కృష్ణ ఒడ్డునే, కాస్త ఎగువన, అమరావతిలో ఉంది. అప్పట్లో ధాన్యకటకమనే ఈ చోటికి 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ అక్కడి ఆరామాలు చాలావరకు పాడుబడ్డాయని, ఇరవై దాకా మాత్రం నడుస్తున్నాయని రాశాడు. అయినా అక్కడి బుద్ధుడి కొలువు ఆగలేదు. 1182లో కోట కేతరాజు, తాను శైవుడై ఉండీ, బుద్ధుడికి ఊళ్లూ అఖండ దీపాలూ ఇచ్చాడు. ఆ దానశాసనం ఉన్నది సాక్షాత్తూ అమరేశ్వరుడి గుడి స్తంభం మీద. అఖండ దీపమంటే మాటలు కాదు. దానికి నెయ్యి కావాలి, నెయ్యికి మంద కావాలి, మందను కాచేవాడు కావాలి, వాడి తర్వాత వాడి కొడుకు కావాలి. మన దీపదాన శాసనాల్లో గొర్రెల లెక్కలూ వాటిని తీసుకున్న బోయల పేర్లూ కనబడేది అందుకే. 1344 నాటి శ్రీలంక గడలదెనియ శాసనం ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో ప్రతిమాగృహాన్ని బాగు చేయించాడంటుంది. ఆ తర్వాత ఆ కొలువు ఊసే వినబడదు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో కొత్తగా రాజధాని కట్టుకుంటుంటే ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలిచే పాత స్తూపపు దిబ్బను రాళ్ల కోసం తవ్వారు. అంతకుముందే ఒకసారి దాన్ని చూసి వెళ్లిన కంపెనీ సర్వేయరు మెకంజీ 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించే నాటికే ఎన్నో సున్నపురాతి ఫలకాలు చెదిరిపోయాయి. ఎన్నో సున్నమైపోయాయి. గుళ్లన్నీ పరమతస్థుల పగ వల్లే పోయాయనుకునేవాళ్లు ఈ సున్నపు బట్టీల దగ్గర కాసేపు ఆగాలి. వాటిని రాజేసినవాళ్లకు బుద్ధుడి మీద ఏ కోపమూ లేదు, అక్కడ బుద్ధుడున్నాడన్న ఎరుకే లేదు.

మహిమ స్థలానిది, గుడి పోయినా క్షేత్రం పోదు, బెజవాడ ఇంద్రకీలాద్రే సాక్ష్యమని కొందరంటారు. మరి ఆ కొండ కిందనే ఉన్న అక్కన్న మాదన్న గుహాలయాల మాటేమిటి? దసరాకు పైన కనకదుర్గమ్మ దర్శనానికి లక్షల మంది బారులు తీరతారు. కింద గుహలు రక్షిత కట్టడాలు, చూసి వెళ్లే చోట్లు. కొండ ఒకటే, నది ఒకటే. వేంగి రాజధానిగా వెలిగిన పెదవేగిలోనూ అంతే. శాలంకాయన రాజులు తమ తామ్రశాసనాల్లో చిత్రరథస్వామి పాదభక్తులమని చెప్పుకున్నారు. రాజ్యానికే ఇలవేల్పైన ఆ స్వామికి ఇప్పుడు మొక్కుకునేవాళ్లెందరు?

రెండో అభ్యంతరం ఎదటి వైపు నుంచి వస్తుంది. గోరా నాస్తిక కేంద్రం ఉన్న బెజవాడలో అది రాకుండా ఉండదు. అంతా మనుషులు చేసే పనే అయితే ఇక దేవుడెందుకు? ఈ మాట ఆగమాలకు కొత్తేమీ కాదు. ప్రాణప్రతిష్ఠ చేస్తేనే విగ్రహంలోకి సాన్నిధ్యం వస్తుందని, పూజ తప్పితే సంప్రోక్షణ చేయాలని అవే చెబుతాయి. దేవుణ్ణి అతిథిగా పిలిచి, చూసుకోకపోతే వెళ్లిపోతాడని ఒప్పుకున్న శాస్త్రం అది. మనిషి పని అవసరమన్నంత మాత్రాన దేవుడు అబద్ధమైపోడు. నిజమని తేలనూ తేలడు. నా వాదన అంతవరకే.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే ఉంది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్రమనే బౌద్ధ తంత్ర దీక్ష ఇచ్చినప్పుడు ఎక్కడెక్కడి బౌద్ధులో వచ్చి ఆ దిబ్బ చుట్టూ ప్రదక్షిణ చేశారు. మంచి ఫలకాలు చాలావరకు లండన్, చెన్నై మ్యూజియాల్లో ఉన్నాయి. ఇక్కడ మిగిలింది మట్టీ ఇటుకా. మరి ఆ నేలలో ఏదో ఉన్నట్టే కదా? కానీ బుద్ధుడు ధాన్యకటకంలోనే కాలచక్రం బోధించాడన్న మాటను వందల ఏళ్లపాటు చదివి, చదివించి, శిష్యులకు అప్పగించినవాళ్లు అమరావతివాళ్లు కారు, టిబెట్ మఠాలవాళ్లు. ఇక్కడ దిబ్బ తవ్వుకుంటున్న రోజుల్లో కూడా ఆ పని అక్కడ నడుస్తూనే ఉంది.