గుమ్మం దగ్గర నువ్వుండాలి

నాయనా,

కోడలికి రెండో కీమో అయ్యాక ఇంటికి వచ్చిపోయేవాళ్ళు ఎక్కువయ్యారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మందుల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. ఈ పరామర్శల సంగతి మాత్రం నువ్వే చూడాలి. మనవాళ్ళకి ప్రేమ లేదనను. కానీ మంచం పక్కన కూర్చుంటే నోరు ఊరుకోదు. ఫలానావాళ్ళ వదినకీ ఇదే జబ్బట, ఎన్నాళ్ళో బతకలేదట. పంచదార మానేస్తే గడ్డ ఎండిపోతుందట. ఎక్కడో ఆకుపసరు ఇస్తున్నారట. ఇవన్నీ విని, వచ్చినవాళ్ళకి కాఫీలిచ్చి, చివరికి కోడలే వాళ్ళని ఓదార్చి పంపిస్తోందంటే ఏమనాలి?

మొహమాటపడకుండా గుమ్మంలోనే ఆపు. "పడుకుందండీ, తర్వాత చెప్తాను" అను. మెలకువగా ఉన్నా సరే. అత్తయ్యలు అలుగుతారు, అలగనీ. ఎవరు రావాలో, ఎవరికి ఎంతవరకు చెప్పాలో కోడల్నే అడుగు, ఆ మాటే ఖాయం చెయ్యి. పసర్లు, చూర్ణాలు డాక్టర్ని అడక్కుండా నోట్లో పడనివ్వకు. వాటిలో కొన్నింటికి కీమో మందుతో పడదు. కంచం, గ్లాసు వేరుగా పెట్టమని సలహా ఇచ్చిన మహాతల్లి ఎవరోగానీ, ఇది అంటుజబ్బు కాదని ఆవిడకి నా మాటగా చెప్పు. పిల్లవాడు అమ్మ పక్కనే పడుకోవచ్చు.

"ఏం కావాలి?" అని గంటకోసారి అడగడం మానెయ్. ఒంట్లో ఓపిక లేనప్పుడు అది చెప్పడమూ ఒక పనే. మంచం పక్కన నీళ్ళసీసా నింపిపెట్టు, పిల్లవాడి హోంవర్క్ చూడు. పప్పుకి తిరగమోత వేసేటప్పుడు వంటింటి తలుపు మూసెయ్, ఈ రోజుల్లో ఇంగువ వాసనకే కడుపులో తిప్పుతుంది. అన్నం పొగలు కక్కుతూ పెట్టకు, చల్లారితే వాసన తక్కువ. నోరు పూస్తే ఆవకాయ జాడీ కనపడకుండా దాచి, గోరువెచ్చటి నీళ్ళలో కాస్త ఉప్పు, వంటసోడా కలిపి పుక్కిలించమను. కీమోలో ఆ ఎర్రరంగు మందు ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగే, హడలిపోకండి.

హడలాల్సింది జ్వరానికి. కీమో అయిన వారం పది రోజులకి తెల్ల కణాలు బాగా పడిపోతాయి. అప్పుడు థర్మామీటర్ 100.4 చూపించిందంటే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకు. అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరు. ఆ నంబరు, కీమో ఫైలు, బండి తాళం ఒకేచోట ఉంచు. ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకు.

ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేశారు కాబట్టి ఆ వైపు చేతికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. రక్తం తీసేవాళ్ళకి, బీపీ చూసేవాళ్ళకి రెండో చెయ్యి చూపించడం నీ పని, ఆ హడావిడిలో తనకి గుర్తుండకపోవచ్చు. ఆ చేతికి బిగుతు గాజులు వద్దు, నీళ్ళబిందె అసలే వద్దు. ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పిన చేతి వ్యాయామాలు మాత్రం మాన్పించకు.

జుట్టు దువ్వెనకి వస్తోందటగా. కురచగా కత్తిరించుకుంటుందో, గుండు చేయించుకుంటుందో, స్కార్ఫ్ కట్టుకుంటుందో తన ఇష్టం. వీడియోల్లో చూసి నువ్వూ గుండు చేయించుకోకు, తను కోరితే తప్ప. కీమో పూర్తయ్యాక జుట్టు మళ్ళీ వస్తుంది. ఇంకో మాట, పెద్దదాన్ని కాబట్టి సిగ్గుపడకుండా చెబుతున్నాను. తనకి ఇబ్బందేమో అని నీ అంతట నువ్వే పక్కగదిలో పడక వేసుకోకు. ఒంటిమీద కోత పడ్డ ఆడదానికి అది వేరేగా తోస్తుంది. పక్కనే ఉండు, మిగతాది తనకే వదిలెయ్.

కీమో తర్వాత రేడియేషన్, ఆ పైన హార్మోన్ మాత్రలు రాస్తే ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు. చివరి కీమో రోజున స్వీట్లు పంచుకోండిగానీ, మర్నాటి నుంచి మామూలు మనిషైపోయిందని ఇంటిచాకిరీ అప్పగించకండి. ఆ నీరసం నెలల తరబడి ఉంటుంది.

నువ్వూ నిద్రపోవాలి. మూడో కీమోకి నేను వచ్చి వారం రోజులుంటాను. నాకు మంచమూ మర్యాదలూ అక్కర్లేదు, వంటిల్లు అప్పగించు చాలు. ఈలోగా పరామర్శ ఫోన్లన్నీ నాకు మళ్ళించు. వాళ్ళకి సమాధానం నేను చెబుతాను.

మీ పెద్దమ్మ