ఓడిన జట్టును వదలని పిల్లలు

బేస్‌బాల్‌లో గడియారం ఆటను ముగించదు. బాస్కెట్‌బాల్‌లోనో అమెరికన్ ఫుట్‌బాల్‌లోనో ముందున్న జట్టు బంతిని తన దగ్గరే ఉంచుకొని చివరి క్షణాలను గడిపివేయవచ్చు గాని, బేస్‌బాల్‌లో ఎంత ఆధిక్యం ఉన్న జట్టయినా తొమ్మిది ఇన్నింగ్స్‌లలో, ఇన్నింగ్స్‌కు మూడు చొప్పున, 27 ఔట్లూ సాధించి తీరవలసిందే. 2023లో వచ్చిన పిచ్ క్లాక్, అనగా పిచ్చరు బంతికీ బంతికీ మధ్య తీసుకునే వ్యవధికి హద్దు పెట్టిన నిబంధన, ఆటను వేగవంతం చేసిందే గాని ఈ మూలసూత్రాన్ని మార్చలేదు. కాబట్టి ఈ ఆటలో పెద్ద ఆధిక్యం చేజారినప్పుడు అభిమానికి కలిగే వేదన మామూలు ఓటమి తెచ్చే వేదన వంటిది కాదు. మొదటి నుంచీ వెనుకబడి ఓడిన జట్టు అభిమాని ముందుగానే మనసు సిద్ధం చేసుకుంటాడు. ఆధిక్యం పోగొట్టుకున్న జట్టు అభిమాని మాత్రం గెలుపును అప్పటికే సగం అనుభవించి ఉంటాడు గనుక, నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయినట్టు విలవిలలాడతాడు.

2024 అక్టోబరు 30న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, యాంకీ స్టేడియంలో జరిగిన వరల్డ్ సిరీస్ అయిదవ ఆట ఇందుకు తగిన ఉదాహరణ. వరల్డ్ సిరీస్ అంటే అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ విజేతలు తలపడే అంతిమ పోటీ. ముందుగా నాలుగు ఆటలు గెలిచిన జట్టు విజేత అవుతుంది. ఆ కిరీటాన్ని 27 సార్లు గెలిచిన యాంకీస్ 2009 తరువాత మళ్లీ ఆ పోటీకి చేరడం అదే మొదలు కావడంతో, ఇక్కడ పుట్టి పెరుగుతున్న మన పిల్లలు చాలామందికి తమ జట్టు వరల్డ్ సిరీస్ ఆడడం చూడటం అదే తొలిసారి. లాస్ ఏంజలెస్ డాడ్జర్స్ మొదటి మూడు ఆటలూ గెలిచినా, నాలుగవ ఆటను యాంకీస్ 11-4తో గెలిచి ఆశలు చిగురింపజేసింది. అయిదవ ఆటలో ఆరన్ జడ్జ్, జాజ్ చిజమ్, జాన్‌కార్లో స్టాంటన్ హోమ్ రన్లు కొట్టగా మూడు ఇన్నింగ్స్ ముగిసేసరికి ఆధిక్యం 5-0కు చేరింది. పిచ్చరు గెరిట్ కోల్ నాలుగు ఇన్నింగ్స్ దాకా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు.

అయిదవ ఇన్నింగ్స్‌లో ఆట తిరగబడింది. ఒక హిట్ తరువాత, నేరుగా చేతుల్లోకి వచ్చిన సులభమైన క్యాచ్‌ను జడ్జ్ వదిలేశాడు. షార్ట్‌స్టాప్ ఆంథనీ వోల్పీ మూడవ బేస్‌కు విసిరిన బంతి గురి తప్పింది. ఎవరూ ఔట్ కాకుండానే మూడు బేస్‌లూ నిండిపోయాయి. అయినా కోల్ తరువాతి ఇద్దరినీ, అందులో షోహై ఓటానీ వంటి వాడిని కూడా, స్ట్రైకౌట్ చేసి జట్టును గండం నుంచి దాదాపు గట్టెక్కించాడు. అప్పుడు మూకీ బెట్స్ కొట్టిన బంతి మొదటి బేస్ వైపు నెమ్మదిగా దొర్లింది. ఫస్ట్ బేస్‌మన్ ఆంథనీ రిజో బేస్ విడిచి ముందుకు వచ్చి దాన్ని అందుకుంటుండగా పిచ్చరు పరుగెత్తి ఆ బేస్‌ను కాయవలసి ఉంటుంది. లిటిల్ లీగ్‌లో చేరిన పిల్లలకు మొదటి ఏడాదిలోనే చెప్పే పాఠమిది. కోల్ పరుగు ఆపి, రిజోనే వెళ్లమన్నట్టు వేలు చూపాడు. బేస్ దగ్గర ఎవరూ లేకపోవడంతో బెట్స్ చేరుకున్నాడు, ఒక పరుగు వచ్చింది. ఆపై ఫ్రెడ్డీ ఫ్రీమన్, తెయోస్కర్ హెర్నాండెజ్ చెరి రెండు పరుగులు రాబట్టగా స్కోరు 5-5 అయింది. ఆ అయిదూ ‘అన్‌ఎర్న్‌డ్’ పరుగులే, అంటే ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవిగా లెక్కించి పిచ్చరు ఖాతాలో వేయని పరుగులు. ఆరవ ఇన్నింగ్స్‌లో యాంకీస్ 6-5తో మళ్లీ ముందుకు వెళ్లినా ఎనిమిదవ ఇన్నింగ్స్‌లో అదీ నిలవలేదు. అర్ధరాత్రి దగ్గరపడుతుండగా డాడ్జర్స్ 7-6తో ఆటనూ సిరీస్‌నూ గెలుచుకుంది. వరల్డ్ సిరీస్‌ను ముగించిన ఆటల్లో అంత లోటు పూడ్చుకుని గెలిచిన జట్టు అంతకుముందు లేదు.

మరునాడు దీపావళి. న్యూజెర్సీలోని తెలుగు ఇళ్లలో ఆ ఉదయం తలంటుకు లేపితే లేవని పిల్లల గురించి తరువాతి వారాంతపు విందుల్లో చాలామంది చెప్పుకున్నారు. అందులో ఒక మాట మరువరానిది. ‘ఆటే కదమ్మా, దీనికి ఏడుస్తారా, పడుకో’ అన్న తండ్రిని పదేళ్ల కూతురు ‘ఇండియా ఓడిపోయిన రోజు నువ్వు అన్నం తినలేదు కదా నాన్నా?’ అని అడిగిందట. నవ్వుతూ చెప్పుకున్నదే అయినా, విలువల గురించి వ్యాసాలు కోరిన ఈ సంచికలో చర్చకు పెట్టదగిన ప్రశ్న అంతకన్నా మరొకటి కనిపించడం లేదు.

ఈ ప్రశ్నను ఇరువైపుల నుంచీ చూడటం న్యాయం. తల్లిదండ్రుల భయాలు నిరాధారమైనవి కావు. మరునాడు బడి ఉండగా అర్ధరాత్రి దాకా మేలుకోవడం మంచిది కాదన్నది కాదనలేని మాట. అంతకు మించిన సంగతి పందేలది: 2018లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పుతో వాటికి అనుమతినిచ్చే వీలు రాష్ట్రాలకు కలిగాక, ఆట మధ్యలో వచ్చే ప్రకటనలు పదిహేనేళ్ల వాడి చెవిలో పందెం మాటను నిత్యం ఊదుతున్నాయి. పందెం కాసినవాడికి జట్టు ఓటమి దుఃఖం కాదు, నష్టం. ఆ నష్టం ఆటగాడి మీద ద్వేషంగా మారడం తేలిక. ఈ విషయంలో తల్లిదండ్రులు కఠినంగా ఉండటమే సరి.

అయితే ఏడ్చే పిల్ల సంగతి వేరు. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో, వరుసగా పది ఆటలు గెలిచి వచ్చిన భారత జట్టు ప్రపంచకప్ ఫైనల్‌లో ఆస్ట్రేలియా చేతిలో ఓడిన ఉదయం, తెల్లవారకముందే లేచి టీవీల ముందు కూర్చున్న పెద్దలు ఎంతసేపు మాటాడకుండా ఉన్నారో ఆ పిల్లలు చూశారు. 2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో 274 పరుగులు వెనుకబడి ఫాలో ఆన్ ఆడిన జట్టును హైదరాబాద్ బిడ్డ వి.వి.ఎస్. లక్ష్మణ్ 281 పరుగులతో, రాహుల్ ద్రావిడ్ 180 పరుగులతో నిలబెట్టిన కథను ఆ పెద్దలే ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. వరుసగా 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియా ఆ రోజు చేజార్చుకున్నది కూడా పెద్ద ఆధిక్యమే. ఆ దేశంలోనూ ఎవరో పిల్లలు నిద్ర మాని ఉంటారు. ఒక ఆటలోని పునరాగమనాన్ని ఇంటి చరిత్రగా చెప్పుకునేవారు మరొక ఆటలోని ఓటమిని ‘ఆటే కదా’ అని కొట్టిపారేస్తే, పిల్లలకు అందే పాఠం నిగ్రహం కాదు. ‘మీరు పుట్టిన ఊరి దుఃఖాలు మాకు చెందవు’ అన్న మాటగానే వారికి అది వినిపిస్తుంది.

అసలు ఆందోళన ఇక్కడే ఉంది. పదేళ్లప్పుడు యాంకీస్ ఓటమిని ఇంట్లో చెప్పుకుంటే చిన్నబుచ్చబడిన పిల్ల, పదహారేళ్లప్పుడు స్నేహితురాలు దూరమైన సంగతిని గాని, కోరిన కాలేజీ కాదన్న సంగతిని గాని ఇంట్లో చెప్పుతుందని ఎందుకు ఆశించాలి? మన సమాజం గెలుపును గౌరవించినంతగా ఓటమిని ఆదరించడం నేర్వలేదు. స్పెల్లింగ్ బీలో గెలిచిన పిల్లవాడి ఫొటో సంచికలకు ఎక్కుతుంది, సభల్లో శాలువా కప్పుతారు. మూడవ రౌండులో ఒక్క అక్షరం తప్పి దిగిపోయిన పిల్లవాడితో కారులో ఇంటి దాకా ఎవరూ మాటాడరు. ఓడిన జట్టు టోపీ పెట్టుకుని మరునాడు బడికి వెళ్లిన పిల్ల మనం నేర్పలేకపోయినదాన్ని తనంతట తాను నేర్చుకుంటోంది.

సియాటిల్ అభిమానులను చూసినా ఇది తెలుస్తుంది. 2001లో 116 ఆటలు గెలిచిన మారినర్స్ జట్టు ఆగస్టు 5న క్లీవ్‌లాండ్‌లో 14-2 ఆధిక్యాన్ని పోగొట్టుకుని, 11 ఇన్నింగ్స్‌లలో 15-14తో ఓడింది. పన్నెండు పరుగుల లోటు పూడ్చడం లీగ్ చరిత్రలో అతి పెద్ద పునరాగమనాల సరసన నిలిచింది. 2025 అక్టోబరులో, వరల్డ్ సిరీస్‌కు ఒక్క గెలుపు దూరంలో, టొరంటోలో 3-1 ఆధిక్యంతో ఏడవ ఇన్నింగ్స్‌లోకి వెళ్లిన అదే జట్టు, జార్జ్ స్ప్రింగర్ కొట్టిన మూడు పరుగుల హోమ్ రన్‌తో 4-3గా ఓడింది. ఇప్పుడున్న ముప్పై జట్లలో వరల్డ్ సిరీస్ ముఖం చూడనిది అదొక్కటే. బెల్‌వ్యూలోనూ సమామిష్‌లోనూ పెరుగుతున్న తెలుగు పిల్లలు తేలికగా గెలిచే జట్టును ఎంచుకోకుండా ఊరి జట్టునే పట్టుకుని ఉండటం కన్నా నిలకడ గురించి ఆదివారం బాలవిహార్ తరగతిలో చెప్పదగిన పాఠం ఏముంది?

పెద్దలకు ఇందులో చేయదగిన పని ఒకటుంది. కోపంలో పిల్లలు జడ్జ్‌ను తిట్టినప్పుడు, ఆ క్యాచ్ వదిలిన మనిషే అంతకుముందు ఇన్నింగ్స్‌లో గోడను ఢీకొంటూ ఫ్రీమన్ కొట్టిన బంతిని పట్టాడనీ, ఆ ఏడాది 58 హోమ్ రన్లు కొట్టి తన లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి పొందాడనీ గుర్తు చేయవచ్చు. అలా చెప్పాలంటే మాత్రం పెద్దలు కూడా ఆ ఆట చూసి ఉండాలి.

మళ్లీ అటువంటి రాత్రి వచ్చినప్పుడు హోమ్‌వర్క్ సంగతీ నిద్ర సంగతీ కాసేపు పక్కన పెట్టి, పిల్లల పక్కన కూర్చుని, ‘అయిదో ఇన్నింగ్స్‌లో ఏం జరిగిందో చెప్పు’ అని అడిగి, వారు చెప్పినంతసేపూ వినవలసిందిగా ఈ సంచిక పాఠకులకు మనవి.