నేలమీది గూడు

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 22:6, 7



ఈ నెల మన ధ్యానమునకు ధర్మశాస్త్రములో ఒక మూలనున్న చిన్న ఆజ్ఞను తీసికొంటిమి. త్రోవలో చెట్టుమీద గాని నేలమీద గాని పక్షిగూడు కనబడి, తల్లి తన గ్రుడ్లమీదనో పిల్లలమీదనో కూర్చుండి యున్నయెడల, పిల్లలను తీసికొనవచ్చును గాని తల్లిని పట్టుకొనరాదని దేవుడు మోషేచేత చెప్పించెను. అట్లు చేయువారికి మేలును దీర్ఘాయువును కలుగునని వాగ్దానము కూడ చేర్చెను. తలిదండ్రులను సన్మానింపవలెనన్న గొప్ప ఆజ్ఞకు చేర్చిన వాగ్దానము వంటిదే (ద్వితీ. 5:16) ఈ పిట్ట ఆజ్ఞకును చేర్చబడినది. ఇంత చిన్న ఆజ్ఞకు ఇంత పెద్ద వాగ్దానమేల?

నేలమీది గూడు అనగానే మా కర్నూలు సీమవారికి బట్టమేక పిట్ట జ్ఞాపకము వచ్చును. నందికొట్కూరు దగ్గరనున్న రోళ్లపాడు గడ్డిబీళ్లలో ఒకప్పుడు అది తిరుగుచుండెను. దానికొరకే 1988లో ప్రభుత్వము అక్కడ అభయారణ్యము నేర్పరచెను. మగపక్షి మూడడుగులకు పైగా ఎత్తుండి, పదునైదు కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వాటిలో అదొకటి. దాని కాలికి వెనుక వ్రేలు లేదు గనుక కొమ్మను పట్టి కూర్చుండజాలదు. దాని బ్రదుకంతయు నేలమీదనే. మిడుతలు, పేడపురుగులు, తొండలు, రేగుపండ్లు, చేలలో రాలిన గింజలు దాని ఆహారము.

ఆడపక్షి సాధారణముగా ఏడాదికి ఒక్క గ్రుడ్డే పెట్టును. పుల్లలు పేర్చదు, గడ్డి నడుమ వట్టి నేలయే దాని గూడు. సుమారు ఇరువదియేడు దినములు తానొక్కతే పొదుగును. మగపక్షి గొంతు సంచి ఉబ్బించి దూరమునకు వినబడునట్లు కూయునే గాని, పొదుగుటలోను పెంచుటలోను పాలుపొందదు. పశువుల గిట్టలు, కాకులు, కుక్కలు, అన్నియు ఆ గ్రుడ్డుకు అపాయమే. అపాయము దాపునకు వచ్చినప్పుడు తల్లి కాళ్లు వ్రేలాడవేసికొని, వంకరటింకరగా ఎగిరి, శత్రువు కన్నులను తనవైపు త్రిప్పుకొనును. గూటిని దాచుటకు తన్ను చూపించుకొనును.

ఏడాదికి ఒక్క గ్రుడ్డు పెట్టు జాతిలో ఒక తల్లి పోయినదనగా, ఆమెకు రావలసిన ఏండ్ల పిల్లలన్నియు పోయినట్లే. 1969లో మన దేశమంతటను సుమారు 1,260 పక్షులున్నవని లెక్కకట్టిరి. నేడు నూటయేబది కూడ లేవు. ఉన్నవాటిలో ఎక్కువ భాగము రాజస్థానములోని జైసల్మేరు ఎడారి ప్రాంతముననే యున్నవి. వేటవలన కొన్ని పోయెను. బీళ్లు చేలై కొన్ని పోయెను. ఈ పక్షి కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచేత ఎదురుగా నున్నది సరిగా కానక, కరెంటు తీగలకు తగిలి ఇంకను చచ్చుచున్నవి. పిల్లలను తీసికొన్నను తల్లిని విడువుమన్న దేవుడు, రేపటి గూడును మనము నేడే తినివేయకుండ అడ్డుపడెనని మనకిప్పుడు తెలియుచున్నది.

అయితే ఈ ఆజ్ఞలో ఇంకొక లోతు కలదు. దానిని మాకు నేర్పినది వేదపాఠశాల కాదు, చదువురాని మా అవ్వ.

మాకు పదేండ్ల ప్రాయమప్పుడు వేరుసెనగ చేని గట్టున గడ్డిలో పూరేడు పిట్ట గూడు చూచితిమి. గ్రుడ్లచుట్టు నైలాను దారముతో ఉచ్చు పన్ని, కంపచెట్టు చాటున కూర్చుంటిమి. పిట్ట వచ్చి, దారమును చూచి బెదరిపోయెను. మరల వచ్చి, మరల పోయెను. మూడవసారి గ్రుడ్లను చూచుకొనుచు లోపలికి నడిచెను. చచ్చిన పిట్టను గర్వముగా తెచ్చి అవ్వ చేతికిచ్చితిమి. ఆమె దానిని పొయ్యిమీద పెట్టలేదు. "ఇది మేతకొచ్చి చిక్కలేదు నాయనా, బిడ్డలకోసమొచ్చి చిక్కింది" అని చెప్పి, దొడ్డిలో గుంట తీయించి పూడ్పించెను.

ఎగిరిపోగలిగిన తల్లి ఎగిరిపోదు. ఆమె ప్రేమయే ఆమెను మన చేతికి చిక్కించును. ఒకరి ప్రేమను వారికే ఉచ్చుగా చేయరాదని దేవుని ఆజ్ఞ.

సంఘస్థులారా, పిట్టల విషయములో మనము నిర్దోషులమై యుండవచ్చును. మనుష్యుల విషయములో సంగతి ఏమి? చంటిబిడ్డను చెట్టుక్రింద ఉయ్యాలలో పరుండబెట్టి కలుపు తీయుచున్న తల్లి కూలి బేరమాడలేదు. అది ఎరిగి ఆమెకు తక్కువ ఇచ్చుచున్నాము. బిడ్డల ముఖము చూచి కాపురము చేయుచున్న కోడలు పుట్టింటికి పోలేదు. అది ఎరిగి నోటికి వచ్చినట్లు మాటలాడుచున్నాము.

ఇతరులను గూర్చి వ్రాయుటకు ముందు మా తప్పు మేము ఒప్పుకొనవలెను. మా యింట పనిచేయు విధవరాలు గడచిన కోతకాలమున జీతము కొంచెము పెంచుమని అడిగెను. "పంట డబ్బు రానీ అమ్మా, చూతము" అంటిమి. మనస్సులో మాత్రము, ఇద్దరు బిడ్డలు ఇక్కడి బడిలోనే చదువుచున్నారు గదా, ఈమె ఎక్కడికి పోవును అనుకొంటిమి. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఈ భాగమే వచ్చినది. మా నోట మాట రాలేదు. అవ్వ గొంతు వినబడెను. మరునాడు ఆమెకు పెంచవలసినది పెంచి, క్షమించుమని అడిగితిమి. ఆమె తల వంచుకొని చీపురు తీసికొనెను. ఆ మౌనము ఇంకను మమ్మును విడువలేదు.

కోడి తన పిల్లలను రెక్కలక్రింద చేర్చుకొన్నట్లు యెరూషలేమును చేర్చుకొనగోరితినని మన ప్రభువు చెప్పెను (మత్తయి 23:37). ఆయనయు ఎగిరిపోగలిగియుండి పోలేదు. మనలను ప్రేమించుటచేతనే చిక్కెను. పక్షి తల్లిని విడువుమని ఆజ్ఞాపించిన తండ్రి, మనకొరకు తన సొంత కుమారుని విడిచిపెట్టక అప్పగించెను (రోమా 8:32). అట్టి ప్రేమచేత బ్రదికిన మనము ఇంకొకరి ప్రేమను ఉచ్చుగా వాడుకొందుమా?

ఈ నెల ప్రభువు బల్లకు వచ్చుటకు ముందు, ఎవరు పోలేరని ఎరిగి మనము ఎవరిని పట్టుకొని యున్నామో ప్రతివారును తమ యింటిలోను చేనిలోను వెదకి చూచుకొందురు గాక. కనబడినయెడల, చేయి విప్పుదురు గాక. ఆమేన్.