కృతము, కారితము, ఒక మంచు బరమా

చేపలు పట్టుటకు గడ్డకట్టిన సరస్సునకు బెజ్జము వేయుటకై పెట్రోలుతో తిరుగు బరమాను కొనుట మేలా, బ్యాటరీతో తిరుగుదానిని కొనుట మేలా యను ప్రశ్న ధర్మవిచారమునకు ఎక్కదగినదేనా యని పెద్దలు నవ్వవచ్చును. వేసవిలో 40 డిగ్రీల యెండకు వేగు మన్సూరాబాదులో కూర్చుండి మంచునకు తూటు పొడుచు సంగతి విచారించుట మరింత హాస్యాస్పదముగా తోపవచ్చును. కాని దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని హయత్‌నగరు వరకు పరచుకొన్న మా కాలనీలలో, అమెరికాకు ఒక బిడ్డనైనను పంపని వీధి యిప్పుడు అరుదు. అట్లు పోయిన పిల్లలలో కొందరు మిన్నెసోటా వంటి ఉత్తరపు రాష్ట్రములలో కుదురుకొని, అక్కడి జనులతోపాటు చలికాలపు వినోదములకును అలవాటుపడుచున్నారు. మా అన్నగారి కుమారుడు అట్టివాడు. "పెట్రోల్‌ది కొనాల్నా, బ్యాటరీది కొనాల్నా బాబాయ్?" అని వాడు ఫోనులో అడిగినపుడు, నానుండి ఆశించినది యంత్రముల బరువును ధరను గూర్చిన లౌకికమైన సలహాయే గాని శాస్త్రచర్చ కాదు. అయినను నలుబది యేండ్లుగా పతంజలిని, మహాభారతమును తిరుగవేయుచున్న వానికి ఏ ప్రశ్న యెదురైనను ఆ దారినే పోవుట సహజము గదా!

వాడు చెప్పగా విన్నదియు, చదివి తెలిసికొన్నదియు కలిపి చూడగా విషయమిది. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మిక్కిలి సాంద్రమై అడుగునకు దిగును. అంతకంటె చల్లబడిన నీరు తేలికయై మీదికి వచ్చి, మీదనే గడ్డకట్టును. అందుచేతనే మిన్నెసోటాలోని మిల్లె లాక్స్ వంటి మహాసరస్సు పైభాగము కార్లు పోవునంత గట్టిపడినను, ఆ కప్పు క్రింద చేపలు చలికాలమంతయు బ్రదికియుండును. జలమునకు ఈ ఒక్క స్వభావము లేకపోయినచో సరస్సులు అడుగునుండి బిగిసి, శీతదేశములలో మత్స్యజాతియే మిగులకుండెడిది. ఈశ్వరకారుణ్యమునకు తార్కాణములు కోరువారు ఈ వస్తుధర్మమునొక్కదానిని మననము చేసినను చాలును. మనుష్యుడు కాలినడకను పోవలెనన్న 4 అంగుళముల స్వచ్ఛమైన గట్టి మంచు ఉండవలెనని అక్కడి ప్రభుత్వశాఖవారు చెప్పుదురు. ఆ మంచును తొలుచు బరమా పొడవైన మరవలె మెలి తిరిగిన ఆకులతో, కొనయందు పదునైన బ్లేడులతో, 6, 8, 10 అంగుళముల వ్యాసములలో దొరకును. పెట్రోలుది బరువు, రొద, పొగ గలది. కాని నూనె పోసిన కొలదియు తొలుచును. బ్యాటరీది మీట నొక్కగనే తిరుగును, పొగ లేదు, చప్పుడు స్వల్పము. కాని చలికి దాని సత్తువ సన్నగిల్లును గనుక, దానిని వాడువారు బ్యాటరీని కోటు లోపల పొదివిపట్టుకొని వెచ్చగా నుంచుకొందురట. ఈ రెండునుగాక చేతితో త్రిప్పునది మూడవది కలదు. దానిని గూర్చి వాడు అడుగలేదు.

చేపను చంపుట తప్పా యను మొదటి ప్రశ్నను నేనును వాని నడుగలేదు. అడుగు అధికారము నాకు లేదు. మృగశిరకార్తె ప్రవేశించిననాడు చేప వండని ఇండ్లు మా ప్రాంతమున తక్కువ, మాదియు వండు ఇల్లే. కొర్రమీనును రాష్ట్రపు మీనముగా ప్రకటించుకొన్నవారమై, చెరువు గట్లపై గంగపుత్రులు వలలు ఆరవేయుటను చూచుచు పెరిగినవారమై, మిన్నెసోటాలోని గాలమును మాత్రమే దోషదృష్టితో చూచుట న్యాయము కాదు. మహాభారతమున అరణ్యపర్వములోని ధర్మవ్యాధుడు ఈ చిక్కునే ఎదుర్కొన్నాడు. తపోగర్వము గల కౌశికునికి మిథిలానగరపు మాంసపు అంగడిలో ధర్మము బోధించిన ఆ మహాత్ముడు, తాను స్వయముగా జంతువులను చంపనని, ఇతరులు చంపినదానిని అమ్ముదునని చెప్పుకొన్నాడు. నాగలి క్రింద ఎన్ని ప్రాణులు నలుగునో, నడచు పాదము క్రింద ఎన్ని చచ్చునో లెక్కించి, హింస తగులని వృత్తి లోకమున లేదని తేల్చినాడు. ఈ రెండవ వాదము అభేద్యము. మొదటిదానిని చదివినప్పుడెల్ల నా మనస్సు కొంత తడబడుచునే యుండును. ఇతరులు చంపినదానిని అమ్ముటచేత అమ్మువానికి వెసులుబాటు ఎంత కలుగును? ఆ ప్రశ్నకు వ్యాధుడు నేరుగా సమాధానము చెప్పలేదు, చెప్పినవాడు పతంజలి.

యోగసూత్రముల రెండవ పాదమున హింసాదులను వర్గీకరించుచు, తాను చేసినది (కృతము), ఇతరులచేత చేయించినది (కారితము), చేయుచుండగా సమ్మతించినది అని మూడు విధములు చెప్పి, ఈ మూడింటికిని లోభము, క్రోధము, మోహము అను మూడు మూలములను, మృదువు, మధ్యము, తీవ్రము అను మూడు తరగతులను చేర్చినాడు. ఇట్లు ఇరువదియేడు భేదములగును. చిత్రమేమన, చేయించినదానిని చేసినదానికంటె తేలికయని ఆయన ఎక్కడను అనలేదు. తేలిక, బరువు అనునవి వేరు కొలతకు సంబంధించినవి. ఈ సూత్రమునకు వ్యాసభాష్యము మరియొక సూక్ష్మమును జోడించినది: మాంసచర్మములకై చేయునది లోభముచేత, అపకారమునకు బదులుగా చేయునది క్రోధముచేత, దీనివలన నాకు పుణ్యము వచ్చునను భ్రాంతిచేత చేయునది మోహముచేత అని.

ఇప్పుడు రెండు బరమాలను ఈ వెలుగులో నిలిపి చూడుడు. పెట్రోలుదానిని త్రిప్పువాడు అగ్నిని తన చేతులలోనే రగిల్చుచున్నాడు; పొగ వాని ముక్కుననే తగులును, రొద వాని చెవినే తొలుచును, తాను చేయుచున్నదేమో మరచిపోవుటకు యంత్రము వానికి అవకాశమీయదు. ఇది కృతము. బ్యాటరీదానిని త్రిప్పువాడు ముందునాటి రాత్రి ఇంటి గోడలోని ప్లగ్గునకు తగిలించి పండుకొన్నాడు. వాని కొరకు మరెక్కడనో, మరెవ్వరో అగ్నిని రగిల్చినారు. ఇది కారితము. హైదరాబాదువారికి ఈ భేదము చరిత్రలోనే కండ్ల యెదుట జరిగినది. 1920లో హుస్సేన్‌సాగరు ఒడ్డున వెలసిన థర్మలు విద్యుత్కేంద్రము నగరమధ్యముననే పొగ గ్రక్కెడిది. దీపము వెలిగించుకొనువాడు తన దీపపు పొగను తానే చూచెడివాడు. అది మూతపడి నేలమట్టమయినది. నేడు మా కాలనీల ఫ్యానులు తిరుగుటకై రామగుండమున గోదావరి యొడ్డున 2,600 మెగావాట్ల కేంద్రమునందు సింగరేణి బొగ్గు కాలుచున్నది. మన వీధిలో పొగ లేదు గనుక మన వీధి శుచియైనదని మనమనుకొనుట సులభము. మిన్నెసోటావారి విద్యుత్తులో గాలిమరలది, మాంటిసెల్లో, ప్రయరీ ఐలండ్ అణుకేంద్రములది పెద్ద పాలే యున్నది గనుక మా వాని కారితము మనదానికంటె కొంత మృదువని ఒప్పుకొనవలసినదే. ఇక పెట్రోలు మాత్రము ఎక్కడిది? అదియును ఎవరో భూమికి బెజ్జము వేసి తీసినదే.

విద్యుత్తు అగ్నియా కాదా యను విచారము మనకు కొత్తదిగా తోచినను, మతములకు కొత్తది కాదు. మన్సూరాబాదునకు అనతిదూరమున, వనస్థలిపురము వద్ద, మహావీర హరిణవనస్థలి యున్నది. నిజాము ప్రభువులు వేటాడిన ఆ పొదలలో కృష్ణజింకలు నేడు నిర్భయముగా మేయుచున్నవి. మహావీరుని నిర్వాణమునకు 2,500 సంవత్సరములు నిండిన సందర్భమున, 1975లో, ఆ అడవికి ఆయన పేరు పెట్టినారు. ఆ మహావీరుని అనుయాయులు పృథివికి, జలమునకు, అగ్నికి, వాయువునకు సైతము జీవముండునని నమ్ముదురు. వారి ఆగమములలో మంచు జలకాయజీవులలో చేరినది, మెరుపు తేజస్కాయజీవులలో చేరినది. కావున తీగలో ప్రవహించు విద్యుత్తు సజీవమైన అగ్నియా, నిర్జీవమైన శక్తిమాత్రమా యని జైనమునులు గడచిన శతాబ్దమున తీవ్రముగా చర్చించినారు. మైకు ముట్టుకొనని శాఖలు కలవు. గాజుబుడ్డిలో దహనమే లేదు గనుక అది అగ్ని కాదని తేరాపంథు పండితులు వాదించినారు. యూదులలోను ఇదే సంకటము: విశ్రాంతిదినమున నిప్పు రాజేయరాదను శాసనము మీటకు వర్తించునా యని వారి ధర్మవేత్తలు తర్కించినారు. హజోన్ ఇష్ అను పేరుతో ప్రసిద్ధుడైన పండితుడు, తీగల చుట్టును పూర్తిచేయుట నిప్పు రాజేయుటవంటిది కాకున్నను కట్టడము కట్టుటవంటిదని చెప్పి, మరియొక దారిని నిషేధమునే నిలిపినాడు. ఈ వాదములను విని చిరునవ్వు నవ్వువారు గుడిలో నేతిదీపమునకు బదులు చిన్న విద్యుద్దీపము పెట్టినపుడు తమ మనస్సు ఎందుకు కలుక్కుమనునో విచారించుకొనవలెను.

సలహా చెప్పువాని పాత్ర యేమి యను ప్రశ్న ఇక మిగిలినది. మీమాంసకులు శ్యేనయాగమును గూర్చి చేసిన విచారము నాకు కొంత ఊరట నిచ్చినది. శత్రువును చంపగోరువానికి శ్యేనము సాధనమని వేదము చెప్పును. కాని చంపుమని వేదము విధింపలేదు, కోరిక వానిది, సాధనజ్ఞానము మాత్రమే శాస్త్రముది అని శబరస్వామి సమన్వయించినాడు. ఆ న్యాయమున, బెజ్జము వేయగోరువానికి ఏది తగిన బరమాయో నేను చెప్పినంత మాత్రమున బెజ్జము వేయుమని విధించినట్లు కాదు. తర్కము చక్కనిదే. అయితే పతంజలి చెప్పిన మూడవది, సమ్మతించుట యనునది, ఈ తర్కపు గోడను సందుచేసికొని లోనికి రానే వచ్చును. బాబాయి చెప్పినాడను తృప్తితో వాడు సరస్సుపైకి పోయినపుడు నా సమ్మతి వానితో పోలేదని నేనెట్లు అనగలను?

నా మనస్సున అసలు భారముగా తోచినది ఇంధనపు భేదము కాదు, బెజ్జముల సంఖ్య. ఆ రాష్ట్రపు నిబంధన చొప్పున చలికాలమున ఒక్కొకడు రెండు గాలములు వేయవచ్చును. అనగా రెండు బెజ్జములు చాలును. కాని యంత్రము చేతనున్నవాడు రెంటితో ఊరకుండడు. చేపలెక్కడ మూగినవో వెదకుచు సరస్సంతయు తొలిచి, ప్రతి తూటునందును చేపలను చూపు పరికరము దించి, అవి లేనిచో మరియొకచోటికి పోవును. చేతిబరమా గలవానికి భుజమే హద్దు. ఆ హద్దును యంత్రము తొలగించినది. పెట్రోలుదైనను బ్యాటరీదైనను ఒకే తీరుగ తొలగించినది. బ్యాటరీదానిలో రొద లేదు గనుక ఆ తొలగింపు మరింత సుఖముగా, మరింత పుణ్యముగా కూడ తోచును. భాష్యకారుడు మోహమని చెప్పిన భాగము ఇక్కడనే యున్నదని నా యభిప్రాయము. మా ప్రాంతమున ఇది మాకు అనుభవమే. మోటబావులు త్రవ్వినకాలమున గడ్డపార ఆగినచోట మనుష్యుని ఆశయు ఆగెడిది. అటుపిమ్మట కంప్రెసరు లారీ వచ్చినది. అరచేత కొబ్బరికాయ నిలువుగా లేచినచోట పసుపు కుంకుమ చల్లి, అగరువత్తి వెలిగించి, రాతిని వందల అడుగులు తొలిచి, నీరు పడకున్న పదిగజముల దూరమున మరల తొలుచుట మొదలయినది. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టము వచ్చి, బోరునకు అనుమతి కావలెనని చెప్పవలసివచ్చినది. భుజము చేసెడి పనిని చట్టము చేయబూనినది. భుజమంత సమర్థముగా చేయలేదని వేరుగ చెప్పనక్కరలేదు. ఇనుపమొన గల నాగలి భూమిని, భూమిలోని ప్రాణులను గాయపరచునని కృషినే శంకించిన మనుస్మృతికర్త, పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ అను ఐదింటిని గృహస్థుని వధస్థానములుగా లెక్కించి, దినదినమును పంచయజ్ఞములచేత ఆ ఋణము తీర్చుకొమ్మన్నాడు. ఆ ఐదును ఒక్కొక యింటికి ఒక్కొకటి చొప్పున ఉండెడివి గనుక ఆయన లెక్క సరిపోయినది.

కావున మా వానికి బ్యాటరీదే కొనుమని చెప్పితిని. పుణ్యమున కని కాదు, మంచుపై మూసిన గుడారములో కూర్చుండి చేపలు పట్టువారికి పెట్రోలు యంత్రపు కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకము గనుక, ప్రక్క గుడారమువాని నిద్ర చెడదు గనుక. రెండు గాలములకు రెండు తూట్లతో తృప్తిపడుమంటిని. తిరిగివచ్చునపుడు తూటు ప్రక్కన ఒక కొమ్మ పాతిపెట్టుమంటిని. "తెల్లారేసరికి అదే గడ్డకడ్తది బాబాయ్," అన్నాడు వాడు. గడ్డకట్టునుగాని ఆ క్రొత్త పొర పలుచన గదా, దానిపై మంచు రాలి కప్పివేసిన పిమ్మట పిల్లవాని పాదమునకు అది ఎట్లు తెలియును? మన యొద్ద నీరు పడని బోర్లను తెరచి విడిచిన పాపమునకు పసిబిడ్డలు బలియైన వార్తలు ఎన్ని చదువలేదు! కంచె వేయుమని, కేసింగుపై ఉక్కు పలక వెల్డింగు చేసి మూయుమని 2010లో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చినది. తొలిచినవాడు ఏ ఇంధనముతో తొలిచినాడని ఆ తీర్పులో ఎవ్వరును అడుగలేదు.

వాడు బ్యాటరీదే కొన్నాడు. 6 అంగుళములది చాలునని నేనన్నాను. అందులో పెద్ద చేప పట్టదని 8 అంగుళములది తీసికొన్నాడు.