పిల్లవాని తీర్పు

పుస్తకమును గూర్చి తీర్పు చెప్పుటకు పిల్లవాడు అధికారి యగునా యను ప్రశ్న పుట్టినప్పుడు మన పెద్దలు సామాన్యముగా చిరునవ్వు నవ్వి యూరకుందురు. పాలుత్రాగు ప్రాయము నిన్న మొన్న దాటినవానికి గుణదోష విచారమేమి యని వారి భావము. నాకు మాత్రమీ ప్రశ్న నవ్వి తోసివేయదగినదిగా తోచదు. అధికారి యెవ్వడను విచారము ముగియనిదే మన దేశమున ఏ శాస్త్రమును మొదటి మెట్టు దాటలేదు. వేదాంత ప్రకరణములు విషయమును, సంబంధమును, ప్రయోజనమును చెప్పుటతోపాటు అధికారిని గూడ నిర్ణయించిన పిమ్మటనే ముందునకు సాగును. ఆ యధికారికి వివేక వైరాగ్యములు కావలెననిరి, శమదమాదులు కావలెననిరి, మోక్షము పొందవలెనను తీవ్రమైన కోరిక కావలెననిరి. ఇన్నేండ్లు నిండి యుండవలెనని మాత్రము ఆ లక్షణములలో చేర్చలేదు.

కఠోపనిషత్తు ప్రారంభమున నున్న కథ మనకందరకు తెలిసినదే గాని, ఆ కథను మనము నచికేతుడు యముని యింటికి పోయిన చోటినుండి చదువుటకలవాటు పడినాము. నా మనస్సు దానికి ముందటి ఘట్టముకడ నిలిచిపోవుచుండును. వాజశ్రవసుడు తన సర్వస్వమును దానము చేయు యాగమొనర్చుచున్నాడు. దక్షిణగా ఋత్విజులకు తోలుకొని పోబడు గోవులను కుమారుడైన నచికేతుడు చూచినాడు. అవి త్రాగవలసిన నీరు త్రాగివేసినవి, మేయవలసిన గడ్డి మేసివేసినవి, ఈయవలసిన పాలిచ్చివేసినవి, ఇక ఈనుటకు శక్తిలేనివి. అక్కడనున్న పెద్దలకవి కనబడలేదా? కనబడియే యుండును, కాని లెక్క సరిపోయినది, విధి నెరవేరినది, అంతతో వారికి తృప్తి కలిగినది. బాలుని కన్ను లెక్కను దాటి గోవుపై పడినది. ఇట్లు తండ్రి యిచ్చు దానమునందు లోపమును గుర్తించిన పిల్లవానిని ఉపనిషత్తు అవినీతుడనలేదు, అహంకారి యనలేదు. ఆ సమయమున వానియందు శ్రద్ధ ప్రవేశించెనని చెప్పినది. మనము శ్రద్ధయనగా పెద్దలిచ్చినదెల్ల తలవంచి స్వీకరించుటయే యని పిల్లలకు నేర్పుచుండగా, శ్రుతి మాత్రము ఇచ్చినదానిని పరీక్షింపజూచిన చూపునే శ్రద్ధగా పరిగణించుచున్నది.

పిల్లల నిమిత్తమై పెద్దలు చేయించి యిచ్చు పుస్తకములలో పాలుడిగిన గోవులెన్ని లేవు! ఏబదియేండ్లుగా ఒకరి పుస్తకమునుండి యొకరు ఎత్తి వ్రాసికొనుచున్న తెనాలి రామకృష్ణుని హాస్యములు, ఎవరు వ్రాసినదియు తెలియని పరమానందయ్య శిష్యుల కథలు, అలుకుకొనిపోయిన బొమ్మలు, కంటిని బాధించు నలుసులవంటి యక్షరములు, ప్రతి కథకును తోకవలె తగిలించిన నీతి. పాఠశాలల వార్షికోత్సవములందు బహుమానములుగా నిచ్చునవి తరచుగా నివియే. పుస్తకములిచ్చితిమన్న విధి నెరవేరును, సంఖ్యయు సరిపోవును. తొమ్మిదేండ్ల బాలిక యొకతె అట్టి పుస్తకమును రెండు పుటలు త్రిప్పి, ‘నాకిది బాగులేదు’ అన్నచో మాత్రము మన గుండె గతుక్కుమనును.

ఆ గతుక్కుమనుటకు మరియొక కారణము మన మతాచారమునందే యున్నది. పుస్తకమునకు పొరపాటున కాలు తగిలినచో దానిని కన్నులకద్దుకొను జాతి మనది. శరన్నవరాత్రములలో మూలానక్షత్రమునాడు పుస్తకములను పీఠముపై నుంచి కుంకుమ నలది పూజింతుము. ఆ నెపమున ఆనాడు చదువు తప్పినదని పిల్లలు సంతసింతురు, దానికి సరస్వతియు కోపింపదనియే నా నమ్మకము. ఇట్టి యింట పెరిగిన పిల్లవాడు పుస్తకము చెడ్డదన్నచో అది కాలితో తన్నినంత యపచారమని తల్లిదండ్రులకు తోచుట సహజమే. కాని పూజనీయమైనది విద్యయా, అచ్చయిన కాగితమా? విగ్రహమును చెక్కువాడు అంగప్రమాణములు తప్పినచో ఆగమజ్ఞులు దానిని ప్రతిష్ఠకు పనికిరాదని త్రోసివేయుదురు. అట్లు త్రోసివేయుట దైవద్రోహమని ఎవ్వరు ననరు. పుస్తకమును కన్నులకద్దుకొను పిల్లవాడే దానిని చదివి దోషము చెప్పుటయందు విరోధమేమియు లేదు. అసలు దోషము చెప్పవలెనన్న చదివి యుండవలెను గదా. చదువకయే పూజించు పెద్దలకంటె వాడొక మెట్టు పైననే యున్నాడు.

ఇక్కడ పూర్వపక్షులు ఆ యుపనిషత్తునుండియే యొక యాయుధమును తీసికొని వత్తురు. ప్రేయస్సు వేరు, శ్రేయస్సు వేరు. పిల్లలు ప్రియమైనదానిని కోరుదురు గాని మేలైనదానిని గుర్తింపలేరు. కావున వారి యభిప్రాయమును పాటించినచో బాలసాహిత్యమంతయు దయ్యముల కథలతోను, కొట్లాటలతోను నిండిపోవునని వారి వాదము. ఇది తేలికగా కొట్టివేయదగిన వాదము కాదు. కాని యముడా భేదమునెవ్వనికి బోధించెను? నూరేండ్లు బ్రతుకు పుత్రపౌత్రులను, ఏనుగులను, గుఱ్ఱములను, బంగారమును, విశాలమైన భూమిని ఇచ్చెదనన్నను వలదన్న యొక కుమారునకు. శ్రేయస్సును వరింపగల శక్తికి దృష్టాంతము కావలసివచ్చినప్పుడు శ్రుతికి దొరకినవాడు పిల్లవాడే. పిల్లలందరును నచికేతులు కారు, నిజమే. తండ్రులందరు మాత్రము వాజశ్రవసులు కారా? కొంచెమెచ్చుతగ్గుగా అగుదురనియే నా యభిప్రాయము.

ఈ వివాదమున తార్కికులు చూపిన మార్గమొకటి మనకుపకరించును. ‘ఈ పుస్తకము చదువుచుండగా నాకు విసుగు పుట్టినది’ అను వాక్యమును, ‘ఈ పుస్తకము చెడ్డది’ అను వాక్యమును పిల్లవాడు ఒకే యూపిరిలో పలుకును. మనమును రెంటిని ఒక్కటిగనే విని, రెంటిని గలిపి ఖండింతుము. కాని మొదటిది వాని మనస్సునకు ప్రత్యక్షమైన యనుభవము. తనకు కలిగిన విసుగును గూర్చి వానికంటె బలీయమైన సాక్షి లోకమున లేడు, దానిని కాదనుటకు బృహస్పతికైనను అధికారము లేదు. రెండవది యనుమానము, అనగా హేతువునుబట్టి చేసిన యూహ. విసుగు అనునది హేతువు, పుస్తకము చెడ్డదగుట సాధ్యము. ఆ హేతువు వ్యభిచరింపవచ్చును: ఆకలివలన విసుగు పుట్టవచ్చును, దీపము చాలకపోవుటవలన పుట్టవచ్చును, మరునాటి పరీక్షవలన పుట్టవచ్చును, వాని తరగతికి మించిన సమాసములవలనను పుట్టవచ్చును. పెద్దలు చేయవలసిన పని ప్రత్యక్షమును మన్నించి, అనుమానమును వానితో కూర్చుండి పరీక్షించుట. మనము చేయుచున్నది దీనికి తలక్రిందులు: ‘నీకు విసుగెట్లు పుట్టును, అంత మంచి పుస్తకమైతే!’ అని ప్రత్యక్షమునే కాదనుచున్నాము.

ఆలంకారికులను గూడ ఒకమాట యడుగవలసియున్నది. అభినవగుప్తుని మతమున సహృదయుడు కావ్యములను పలుమారు పరిశీలించుటచేత మనస్సనెడి యద్దము నిర్మలమైనవాడు. ఆ లెక్కను పిల్లవానికి అభ్యాసమింకను చాలదు. అతనిని పూర్ణ సహృదయుడనుటకు నేనును సాహసింపను. అయినను ఆ మహామేధావియే రసమునకు కలుగు విఘ్నములను ఏడింటిని లెక్కించుచు, చెప్పబడినది సంభవించునని నమ్మిక కుదురకపోవుటను మొట్టమొదట పేర్కొన్నాడు. ఈ యొక్క విఘ్నమును గుర్తించుటయందు పిల్లలకు గల నైపుణ్యము నన్నెప్పుడును ఆశ్చర్యపరచుచుండును. కాకి మాటలాడినచో వారు నమ్ముదురు, ఎలుకలు వలలు కొరికి మిత్రులను విడిపించినచో నమ్ముదురు, శవములోని బేతాళుడు ప్రశ్నలు వేసినను నమ్ముదురు. కాని కథలో నెనిమిదేండ్ల పిల్లవాడొకడు మామిడిచెట్టెక్కుట మాని, దేశభక్తిని గూర్చి యుపన్యసించినచో ఒక్క క్షణమును నమ్మరు. ప్రపంచజ్ఞానము కలవారమని యనుకొను మనము అట్టి పిల్లవానిని మెచ్చుకొని ఆ పుస్తకమునకు బహుమానమిత్తుము.

పూర్వులు మాత్రము వినువాని రుచిని ఇంతగా నిర్లక్ష్యము చేయలేదు. చదువుపై మనస్సు నిలువని రాజకుమారులకు నీతి నేర్పుటకు పూనుకొన్న విష్ణుశర్మ, హితోపదేశమున విగ్రహ భాగమునకు మొదట వారి కుతూహలమును విని, మీకు నచ్చినదానినే చెప్పెదనని మొదలిడుచున్నాడు. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభ మిత్రభేదములను, తరువాత వీరేశలింగముగారు సంధి విగ్రహములను తెలుగు చేసినప్పుడు ఆ గ్రంథములు పాఠ్యపుస్తకములై, పిల్లల కోరికకు బదులు పరీక్షాధికారుల కోరిక వచ్చి కూర్చున్నది. ‘తెలుగు రాదు’ అను భయమును తరతరములకు కలిగించిన పాపములో ఆ గ్రంథముల భాగమెంత, వానిని బోధించిన పద్ధతి భాగమెంత యనునది వేరొక వ్యాసమునకు చాలిన విషయము.

బేతాళుని పేరు తలచినాను గనుక ఆ సంగతి కొంచెము విస్తరించుట యుచితము. 1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణులు ప్రారంభించిన ‘చందమామ’లో బేతాళకథలు దశాబ్దములు నడచినవి, పాతవి యిరువదియైదును అయిపోయిన పిదపను క్రొత్తవి కల్పింపబడుచునే యుండినవి. విక్రమార్కుని భుజముపై శవము వ్రేలాడుచున్నట్లు శంకరుగారు గీసిన చిత్రమును చూడని తెలుగు బాల్యము ఆనాడరుదు. నీతిని తోకవలె తగిలించు కథలకును, వీనికిని మూలమున భేదమున్నది. బేతాళుడు నీతి చెప్పడు. కథ ముగించి, ఇందులో దోషమెవ్వరిది, త్యాగమెవ్వరిది గొప్ప యని యడుగును. తెలిసియు చెప్పక యూరకున్నచో తల పగిలిపోవునని శపించును. చదువు పిల్లవాడు విక్రమార్కుని సమాధానము చూడకముందే క్షణకాలము పుస్తకము మూసి తాను తీర్పు చెప్పుకొనును. తరువాత రాజు తీర్పుతో తన తీర్పును పోల్చి, ఒక్కొక్కప్పుడు రాజే పొరబడెనని నిశ్చయించుకొనును. తెలియకపోవుట తప్పు కాదు, తెలిసి మౌనము వహించుటయే తప్పు అను ధర్మమును ఇంత నిశ్శబ్దముగా పిల్లలకు బోధించిన గురువు మరియొకడు మన భాషలో లేడు.

మన పాఠశాలలు అందుకు విరుద్ధమైన శిక్షణ నిచ్చుచున్నవి. పాఠము చివర ‘ఈ కథ నీకెందుకు నచ్చినది?’ అని యడుగుదురు. నచ్చలేదని చెప్పుటకు ఆ ప్రశ్నలో చోటే లేదు. భాగవతమున హిరణ్యకశిపుడును కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొని, గురువులకడ నేర్చినదేదియో చెప్పుమని ముద్దుగనే యడిగినాడు. తాను కోరిన యుత్తరము రాకపోవుటతో ఆ ముద్దు ఏమైనదో పోతన చదివిన ప్రతి తెలుగువానికి తెలియును. ప్రహ్లాదుని దానవపితకు బెత్తమిచ్చి పంతులుగా నియమించినట్లున్నది మన ప్రశ్నపత్రముల తీరు. ఫలితమేమనగా, అభిప్రాయము వ్రాయుమన్నప్పుడు మన పిల్లలు ‘చాలా బాగున్నది, అందరు చదువవలెను’ అను నొకే వాక్యమును వ్రాసి చేతులు దులుపుకొందురు. దానిని వినయమని భ్రమింపరాదు, అది ఆత్మరక్షణము.

పరదేశమున జరిగిన యొక సంగతి చెప్పెదను. లండనులో స్టాన్లీ అన్విన్ అను ప్రకాశకుడు పిల్లల పుస్తకములకు పిల్లలే తగిన పరీక్షకులని నమ్మినవాడు. 1936లో ఆక్స్‌ఫర్డు ఆచార్యుడైన టోల్కీను వ్రాసిన ‘హాబిట్’ అను నవల వ్రాతప్రతి తనకడకు రాగా, దానిని పదేండ్ల కుమారుడు రేనరున కిచ్చి చదివించి, అభిప్రాయము వ్రాసినందులకు ఒక షిల్లింగు కూలి యిచ్చెను. బాలుడు కథను క్లుప్తముగా చెప్పి, పుస్తకము బాగున్నదనియు, దేశపటములుండినచో వేరు బొమ్మలక్కరలేదనియు, అయిదునుండి తొమ్మిదేండ్ల వయస్సుగల పిల్లలందరకు నచ్చుననియు వ్రాసెను. తనకు పదేండ్లు నిండినవి గనుక తానా గుంపులోనివాడు కాడన్నమాట! ఈ గాంభీర్యమును చూచి నవ్వుకొనవచ్చును. కాని తనకు నచ్చినదానిని చెప్పుటతో నాగక, అది యెవ్వరికి తగునో యని తనకంటె చిన్నవారిని గూర్చి యాలోచించుట విమర్శకునకు ముఖ్యధర్మము. మరుసటి యేడాది 1937లో పుస్తకము వెలువడినది. పిల్లవాని మాటపై పుస్తకమును స్వీకరించిరి, బొమ్మల విషయమున మాత్రము అతని మాట వినక రచయిత గీసిన చిత్రములనే చేర్చిరి. నాకీ రెండును సమంజసముగనే కనబడుచున్నవి. అభిప్రాయమును వినుట వేరు, దానికి దాసులగుట వేరు. యముడును నచికేతుడడిగిన మూడవ వరమును వెంటనే యిచ్చివేయలేదు. వారించినాడు, పరీక్షించినాడు, తరువాతనే చెప్పినాడు. కాని ఆ బాలుడు తన యింట మూడు రాత్రులు నిరాహారుడై కాచుకొని యుండెనని తెలిసిన క్షణమున ముందుగా నమస్కరించినాడు. బాలుని ప్రశ్నకు బదులీయకముందు మృత్యుదేవత చూపిన ఆ మర్యాద మన యిండ్లలో ఇంకను అలవడలేదు.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో, తమకు సంబంధించిన విషయములందు బాలలు స్వేచ్ఛగా అభిప్రాయము చెప్పవచ్చుననియు, దానికి వారి వయస్సును పరిణతిని బట్టి విలువ నీయవలెననియు పండ్రెండవ అధికరణము చెప్పుచున్నది. 1992లో భారతదేశము దానికి కట్టుబడినది. పిల్లల చేతికి వచ్చు పుస్తకముకంటె పిల్లలకు సంబంధించిన విషయము వేరొకటి యేది? అయినను బాలసాహిత్యమునకు బహుమానములు నిర్ణయించు సంఘములను చూడుడు: ఉపాధ్యాయులు, రచయితలు, విశ్రాంత ఉద్యోగులు, పుస్తకములు ప్రచురించువారు; తల నెరసిన పెద్దమనుష్యులే. నాకు వారియందు గౌరవమున్నది. వారితోపాటు పండ్రెండేండ్ల పిల్లలిద్దరు కూర్చున్నచో ఆ గౌరవమింకను పెరుగును.

కావున బాలపత్రికలు నడుపువారికిని, శాఖాగ్రంథాలయముల యధికారులకును, తల్లిదండ్రులకును నాదొక విన్నపము. పిల్లల చేత పుస్తకములను గూర్చి వ్రాయింపుడు. వ్రాసినదానిని ప్రకటింపుడు. అక్షరదోషములు దిద్దుడు, అభిప్రాయమును దిద్దకుడు. నీతి యేమని యడుగకుడు. ఎచ్చట పుస్తకము మూసివేయబుద్ధి పుట్టినది, ఎచ్చట అన్నమునకు పిలిచినను లేవబుద్ధి కాలేదు, ఈ పుస్తకమును నీ స్నేహితులలో నెవరి కిత్తువు, ఎవరి కీయవు అని యడుగుడు. బాగులేదని వ్రాసిన పిల్లవాని యుత్తరమును బాగున్నదని వ్రాసినవాని యుత్తరము ప్రక్కన, అంతే పరిమాణము గల యక్షరములతో అచ్చువేయుడు. రచయితలు కొందరు నొచ్చుకొందురు, నొచ్చుకొననిండు.