ముందుకు వంగితే తగ్గే నొప్పి

ఆరేళ్లు నా నొప్పిని మగ్గం దాచిపెట్టింది. క్లోమం నొప్పి పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త సర్దుకుంటుంది. ధర్మవరంలో గుంటమగ్గం దగ్గర కూర్చున్నవాడు ఎప్పుడూ వంగే ఉంటాడు. రాత్రి మూడింటికి లేచి నేను గుంటలోకి దిగితే, పాపం కష్టజీవి అన్నారు ఇరుగుపొరుగు.

నాలుగేళ్లు గ్యాస్ మాత్రలు మింగాను. హిందూపురంలో స్కాన్ తీయించాకే అసలు సంగతి బయటపడింది. క్లోమనాళంలో రాళ్లు. మూడు మిల్లీమీటర్లకు మించకూడని నాళం ఉబ్బి 9 అయింది. నేను మందు ముట్టనివాణ్ని. అయినా ఎక్కడికి పోయినా మొదట అడిగేది "తాగుతావా?" అనే. దక్షిణాదిలో తాగనివాళ్లకూ, చిన్న వయసులోనే, ఈ జబ్బు వస్తుందనీ, కొందరిలో స్పింక్1 అనే జన్యువులో మార్పు ఉంటుందనీ డాక్టర్లకు తెలుసు. ఊరికి తెలియదు. నొప్పికన్నా ఆ ప్రశ్నే ఎక్కువ బాధపెట్టిన రోజులున్నాయి.

బయటినుంచి తరంగాలతో రాళ్లు పగలగొట్టారు, స్టెంట్ వేశారు. ఏడాది బాగుంది. మళ్లీ మొదలైంది. ఇప్పుడు బెంగళూరు సర్జన్ ఫ్రే ఆపరేషన్ చేయాలంటున్నారు. క్లోమం తలభాగంలో గట్టిపడిన కండను తొలిచి, నాళాన్ని పొడవునా తెరిచి, చిన్నపేగును తెచ్చి దానికి కుడతారు.

"నొప్పి పోతుందని మాటివ్వగలరా సార్?"

"ఇవ్వలేను. చాలామందికి తగ్గుతుంది, అందరికీ కాదు. చెడిపోయిన క్లోమం తిరిగి రాదు. షుగర్ రావచ్చు, ఎంజైమ్ మాత్రలు వాడాల్సి రావచ్చు."

నెదర్లాండ్స్ డాక్టర్లు 88 మంది రోగుల మీద చేసి, 2020లో ప్రచురించిన పరిశీలన గురించీ చెప్పారాయన. ముందే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 58 శాతానికి నొప్పి పూర్తిగానో కొంతో తగ్గింది. మందులు, ఎండోస్కోపీతో మొదలుపెట్టినవాళ్లలో 39 శాతానికి. నూటికి 58 అంటే, 42 మందికి తగ్గలేదు. వాళ్లలో నేనుంటే? నెలరోజులు ఈ ఒక్క లెక్కే తలలో తిరిగింది.

"కత్తి పడిన ఒళ్లు మునుపటిలా ఉండదు నాయనా, ఓర్చుకో" అంది అమ్మ. మా సీమలో ఓర్పు చిన్న గుణమేం కాదు, ఎన్నో కరువులు దాటించింది. అమ్మ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. కానీ కరువును ఓర్చుకునేవాడు వాన కోసం ఎదురుచూస్తాడు. రాయి అడ్డంపడిన నాళానికి రాబోయే వాన ఏముంది? నేను ఓర్చుకున్న ప్రతి నెలా క్లోమం మరికాస్త బిగుసుకుపోతోంది.

మొన్న పెనుకొండలో అక్క మనవరాలి నామకరణం. ఓళిగలు, నెయ్యి. పంక్తిలో కూర్చున్నాను. పక్కనున్న నా ఎనిమిదేళ్ల కొడుకు నా ముందున్న విస్తరి మడిచి వెనక్కి పెట్టాడు. వడ్డిస్తున్న అక్కతో "మా నాయనకొద్దు అత్తా, తినడు" అన్నాడు. వాడి గొంతులో దిగులేం లేదు. వాడికి ఊహ తెలిసినప్పటినుంచి నాయనంటే తిననివాడు, పొట్ట పట్టుకుని వంగి కూర్చునేవాడు. అక్క గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం కోట కింద చాలాసేపు కూర్చున్నాను. విజయనగరం ఓడిపోయిన 1565 యుద్ధం తర్వాత తిరుమలరాయలు కొన్నాళ్లు పాత రాజధాని హంపీనే మళ్లీ నిలబెట్టాలని చూశాడు. కుదరలేదు. మిగిలినదాన్ని కూడగట్టుకుని పెనుకొండకు వచ్చాడు. మునుపటి వైభవం రాలేదు గానీ రాజ్యం ఇంకా కొన్ని దశాబ్దాలు నడిచింది. నేనేమో పోయిన హంపీని తెచ్చిపెట్టమని సర్జన్‌ను అడుగుతున్నాను. మిగిలిన క్లోమంతో కొడుకు పక్కన కూర్చుని ఒక ముద్ద తినగలిగితే చాలని అడగాల్సింది. ఆ 42లో పడితే పడతాను. ప్రయత్నించి పడినట్లుంటుంది.

ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. ధర్మవరంలో రైలెక్కుతాను, అక్క పెనుకొండలో ఎక్కుతుంది. మగ్గం మీద చీర ఇంకా రెండు మూరలుంది, అది నేసి దించాక బయలుదేరుతాం.